నవ్వే మొహాల కంప్యూటరు

ఆ పొద్దున ఇమ్మానియేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటరు ఆన్ చెయ్యాలి, తెర మీద రంగుల పూలగుత్తి రావాలి, పదకొండింటికి వచ్చే కాలేజీ ప్రిన్సిపాల్ రెబ్కా మేడమ్ దాన్ని చూసి "ఆహా!" అనాలి. ఆవిడ ఆ ఒక్క మాట అంటే కాలేజీ పిల్లలంతా అతని దగ్గరే కంప్యూటరు నేర్చుకుంటారు. అనకపోతే, టైపు నేర్చుకునేవాళ్లు లేక ఈగలు తోలుకుంటున్న అతని ఇన్‌స్టిట్యూటుకు తాళమే గతి.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. గుంటూరులో కంప్యూటరంటే జనం ఆగి చూసే రోజులు. ఇమ్మానియేలు తెచ్చింది మద్రాసులో ఎవరో వాడి వదిలేసినది. మిగతా భాగాల సంగతి ఎలా ఉన్నా, తెర మీద బొమ్మ పుట్టించే గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం వయసు మీద పడింది. స్విచ్చి వెయ్యగానే పూలగుత్తి ఒక్క క్షణం విచ్చుకుంది. మరుక్షణం పూలన్నీ రాలిపోయి, వాటి చోట చిన్న చిన్న గుండ్రటి మొహాలు బారులు తీరి అతన్ని చూసి నవ్వాయి.

నిన్నా ఇలాగే నవ్వితే, దాన్ని అమ్మిన మద్రాసు కొట్టువాడికి టెలిగ్రాం కొట్టాడు. సరిగ్గా అప్పుడే జవాబూ టెలిగ్రాంలోనే వచ్చింది. కార్డు ఊడదీయండి, గుడ్డతో తుడవండి, గట్టిగా నొక్కి బిగించండి అని ఉంది అందులో. ఇమ్మానియేలుకు ప్రాణం లేచి వచ్చింది.

కింద గాజుల కొట్టు లాల్‌బీకి మాత్రం ప్రాణం పోయినంత పనయింది. ఆ రోజుల్లో శుభవార్త ఉత్తరంలో తీరిగ్గా వచ్చేది, పరుగెత్తుకొచ్చేది చావు కబురే. టెలిగ్రాం తెచ్చిన తంతివాడు మెట్లు దిగాడో లేదో, ఆవిడ వెనక వాటాలో ఉన్న ఇమ్మానియేలు భార్య సంతోషకుమారి దగ్గరికి ఉరికింది.

"అమ్మాయ్, మీ ఆయనకి టెలిగ్రాం వచ్చింది. మార్టూరులో మీ అమ్మమ్మకి బాగుండలేదన్నావు గదా?"

సంతోషకుమారి చేతిలో అట్లకాడ అక్కడే జారిపోయింది.

పైన ఇమ్మానియేలు కంప్యూటరు పెట్టె విప్పి కార్డు బయటికి తీశాడు. గుడ్డ కోసం చూస్తే మేకుకు ఒక తువ్వాలు వేలాడుతోంది. అది సంతోషకుమారి మేనమామ యలమందయ్యది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, ముందురోజు కంప్యూటర్ని ఒక్కడే భుజాన వేసుకుని మేడ ఎక్కించి, తువ్వాలు మరిచిపోయి వెళ్లాడు. ఇమ్మానియేలు దానితో కార్డు శుభ్రంగా తుడిచాడు. గట్టిగా నొక్కితే ఎక్కడ విరుగుతుందోనని, చంటిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు మెల్లగా దాని చోట దించాడు. స్విచ్చి వేశాడు. మొహాలు ఇంకా హుషారుగా నవ్వాయి. చెమటలు పట్టి, అదే తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

అంతే! కళ్లు భగ్గుమన్నాయి. ఏడాది పొడుగునా బస్తాల మిరపఘాటు తాగిన తువ్వాలది. ముక్కు, గొంతు, కళ్లు ఒకేసారి మండాయి. చేతిలో టెలిగ్రాంతో, ధారలుగా కన్నీళ్లు కార్చుకుంటూ, మాట పెగలక, నీళ్ల కోసం మెట్ల మీదుగా దొర్లినంత పనిచేసి కిందికి దిగాడు.

ఎదురుగా సంతోషకుమారి. ఆ కళ్లు చూసిందో లేదో గుండెలు బాదుకుంది.

"ఓ అమ్మమ్మా! క్రిస్మస్‌కి వస్తానంటివి గదే నా తల్లో!"

ఇమ్మానియేలు కాదు కాదని చేతులూపాడు.

"చూడండమ్మా, తట్టుకోలేకపోతున్నాడు! సొంత మనవడైనా ఇట్టా ఏడవడు" అంది లాల్‌బీ, తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

వీధి వీధంతా వచ్చింది. కూర్చోవడానికి స్టూళ్లున్నాయని అందరూ పైకే ఎక్కారు. ఆదాం పాస్టరుగారు వచ్చారు, పాట ఎత్తుకున్నారు. యార్డులో ఉన్న యలమందయ్యకు కబురు వెళ్లింది. తెర మీద మొహాలు మాత్రం ఎవరి మొహమాటమూ లేకుండా నవ్వుతూనే ఉన్నాయి.

ఎట్టకేలకు ఇమ్మానియేలుకు గొంతు వచ్చింది. "అమ్మమ్మ చనిపోలేదండీ!"

"అవును నాయనా" అన్నారు పాస్టరుగారు అతని వీపు నిమురుతూ. "ఆమె చనిపోలేదు. ప్రభువునందు నిద్రించింది."

సరిగ్గా ఆ సమయానికి గుమ్మంలో రెబ్కా మేడమ్! లోపలి దృశ్యం చూసి ఆవిడ చెప్పులు విప్పి, పమిట తల మీదికి లాక్కుని, ఓ స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఇమ్మానియేలుకు ఈసారి ఏడవడానికి మిరపఘాటు అవసరం లేకపోయింది. ఇన్‌స్టిట్యూటు తాళం కళ్లముందు ఊగింది.

"అమ్మా! నన్నొదిలి పోయావంటే!" అని మేడ అదిరేలా యలమందయ్య వచ్చాడు. పోయిందనుకుంటున్నది కన్నతల్లి మరి! వస్తూనే కంప్యూటరున్న బల్ల చివర దభాలున కూలబడ్డాడు. బల్ల కిర్రుమని వంగింది. పెట్టె ఒక పక్కకు నొక్కుకుంది. ఎక్కడో లోపల టిక్కుమంది.

మొహాలన్నీ మాయం! ఎరుపూ పచ్చా నీలం రంగుల్లో పూలగుత్తి తెర నిండా విచ్చుకుంది.

"ఆహా!" అంది కళ్లు తెరిచిన రెబ్కా మేడమ్.

ఆ సందట్లో సంతోషకుమారి భర్త చేతిలోంచి టెలిగ్రాం లాక్కుని చదివింది. "ఇందులో అమ్మమ్మ ఊసే లేదు! ఏదో కార్డు తుడవమని ఉంది!"

"మా అమ్మ బతికే ఉందా?" యలమందయ్య ఆనందం పట్టలేక లేచి గంతేశాడు. పూలు రాలిపోయాయి. మొహాలు మళ్లీ నవ్వాయి.

"కూర్చోండి మావయ్యా! మీ కాళ్లు పట్టుకుంటా, కదలకండి!" అని అరిచాడు ఇమ్మానియేలు. ఆయన కూర్చున్నాడు. పూలు పూశాయి. పాస్టరుగారు ఆదరణ ప్రార్థనను అక్కడికక్కడే కృతజ్ఞతా ప్రార్థనగా మార్చేశారు.

జనం సర్దుకున్నాక మేడమ్ ఇమ్మానియేలును పక్కకు పిలిచింది. బండారం బయటపడ్డాక ఇంకేముంది, చీవాట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాడు. ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

"ఎక్కడా అనకండి. మా కాలేజీలోనూ ఒకటి కొన్నామండీ. అదీ పాతదే. అందులోనూ ఈ మొహాలే. ఎంతమంది వచ్చి చూసినా నయం కాలేదు. పిల్లలందరినీ మీ దగ్గరికే పంపిస్తాను. కానీ ఒక్క షరతు."

"చెప్పండి మేడమ్!"

"ఆయన్ని వారానికి రెండు రోజులు మాకు పంపాలి."

సోమ, గురువారాల్లో యార్డుకు సెలవు పెట్టి యలమందయ్య కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాడు. చదువు కోసం కాదని మార్టూరులో వాళ్లమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.