బూటిచ్చిన సోడియం, పుచ్చుకున్న క్లోరిన్

ఆ పొద్దున కెమిస్ట్రీ మాస్టారి పథకం చాలా చిన్నది. బడికి తనిఖీ అధికారి వస్తాడు. తను అయానిక బంధం పాఠం చెప్తాడు. ఆయన తల నిలువుగా ఊపితే, ఏళ్ల తరబడి తాత్కాలికంగా వేలాడుతున్న ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. అడ్డంగా ఊపితే రేపట్నుంచి అదీ ఉండదు.

"మీ పాఠం వింటే నిద్రమాత్ర అక్కర్లేదని పిల్లలే అంటున్నారు. ఈ ఒక్కరోజైనా కాస్త ఆడించండి," అంది భార్య, ఆయన చొక్కాకి గుండీ కుడుతూ.

మాస్టారు ఆడించాడు. క్లాసులో సగంమంది సోడియంలు, సగంమంది క్లోరిన్లు. ఎడమకాలి బూటు ఎలక్ట్రాను.

"సోడియంకి బయటి కక్ష్యలో ఉన్నది ఒక్కటే. దాన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంటుంది. క్లోరిన్‌కి ఏడున్నాయి, ఎనిమిదోదాని మీద కన్ను. ఇచ్చేయండి బూటు! ఇచ్చినవాడికి ధనావేశం, పుచ్చుకున్నవాడికి ఋణావేశం."

"ఇచ్చినోడికి ధనమా సార్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"కెమిస్ట్రీలోనేనమ్మా, ఇంట్లో కాదు! ఇప్పుడు జంటగా చేతులు పట్టుకోండి. అదే బంధం. ఎవరు చెప్పినా వదలొద్దు. నీళ్లలో పడితేనే విడిపోవాలి. అప్పుడు కూడా ఎలక్ట్రాను వాపసు లేదు!"

సరిగ్గా అప్పుడే మంటల గంట గణగణ మోగింది. అధికారి ముందు తన ప్రతాపం కూడా చూపిద్దామని డ్రిల్లు మాస్టారు పెట్టుకున్న ఉత్తుత్తి అగ్నిప్రమాదం అది. పిల్లలు పట్టిన చెయ్యి వదలకుండా మెట్లు దిగారు. సోడియంలు కుంటుతున్నారు. క్లోరిన్లు రెండో చేత్తో బూటు పైకెత్తి పట్టుకున్నారు.

గేటులో కారు దిగబోయిన అధికారికి కనిపించింది మాత్రం, బూట్లెత్తి తన మీదికి దూసుకొస్తున్న ఒక తరగతి. ఆయన మళ్లీ కార్లోకి దూరి అద్దాలు ఎక్కించేశాడు.

"పాఠమా మాస్టారూ ఇది, తిరుగుబాటా?" హెడ్‌మిస్ట్రెస్ గొంతు చించుకుంది.

"తిరుగుబాటు కాదు మేడమ్, ఒట్టి బూటు!" అన్నాడు మాస్టారు. నోటికి వేళాపాళా ఉండదు కదా! "ఒరేయ్, చేతులు వదలండ్రా!"

"వదలం సార్! మీరే వద్దన్నారు!"

డ్రిల్లు మాస్టారు ఆలోచించే మనిషి కాదు. చేతిలో మంటలార్పే నీళ్ల గొట్టం ఉంది, తిప్పేశాడు. అందరూ నిలువునా తడిశారు.

"నీళ్లలో పడ్డాం! విడిపోండ్రోయ్!" అని అరిచింది ముందు బెంచీ అమ్మాయి. జంటలు తెగి, పిల్లలు మైదానమంతా చెదిరిపోయారు. మాస్టారు కళ్లు మూసుకుని ఉద్యోగానికి మనసులోనే నీళ్లొదిలాడు.

కారు అద్దం బెత్తెడు దిగింది. ఒంటి బూటుతో నిలబడ్డ ఆ అమ్మాయిని అడిగాడు అధికారి: "ఏమ్మా, విడిపోయారుగా, నీ బూటు తెచ్చుకోవేం?"

"విడిపోతాం గానీ సార్, ఇచ్చిన ఎలక్ట్రాను వెనక్కి రాదు. అది క్లోరైడ్‌దే. నేను సోడియం అయాన్‌ని, ప్లస్ ఒకటి." తడిసిన మేజోడు వైపు చూసుకుంది. "కొంచెం చలేస్తోంది."

అధికారి మెల్లగా కారు దిగాడు. "నీళ్లలో పడ్డాక అది సోడియంకే పోతుందనుకునేవాణ్ణి. పరీక్షలో కూడా అదే రాశాను."

"పాసయ్యారా సార్?"

"అధికారినయ్యాను కదమ్మా!" ఆయన మాస్టారి వైపు తిరిగి, తల నిలువుగా ఊపాడు. "మీకు పర్మనెంటు. ఈ శనివారం చుట్టుపక్కల బడుల పెద్దలందరికీ ఇదే పాఠం చెప్పండి. మొదటి సోడియంగా మేడమ్‌గారే నిలబడతారు."

తన ఎడమకాలి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుందన్న సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కి అప్పుడు గుర్తొచ్చింది.