ఈ ఏటి అరుదు అయిపోయింది

దేవుడు మనిషి శరీరాన్ని ఒకే ముద్దగా చేసి పొరపాటు చేశాడు. పెద్దాసుపత్రి ఆ పొరపాటును ఎప్పుడో సరిదిద్దింది: చర్మం కింది అంతస్తులో, గుండె మూడో అంతస్తులో. రెంటికీ మధ్య ఒక లిఫ్టు (మరమ్మతులో ఉంది, ఏ విభాగం మరమ్మతు చెయ్యాలో తేలడం లేదు).

ఈ ఏర్పాటు తెలియని బస్సు డ్రైవరొకాయన కీళ్ళనొప్పికి కొత్త మాత్ర వాడి, ఒళ్ళంతా దద్దుర్లతో, జ్వరంతో, ఆయాసంతో భార్య భుజం పట్టుకుని వచ్చాడు. ఆయన గుండె కాసేపు పరిగెత్తుతోంది, కాసేపు ఆగి ఆలోచిస్తోంది. ఆవిడ ఆయన్ని చీటీలిచ్చే కిటికీ దగ్గరికి నడిపించింది.

"మందు పడలేదండీ," అంది.

గుమాస్తా డ్రైవరు యూనిఫాం చూశాడు. "బస్సు నడిపేవాళ్ళకి పడకపోతేనే మంచిదమ్మా."

"అయ్యో, ఆ మందు కాదు బాబూ! మాత్ర!"

చర్మ వైద్యుడు చూడగానే కనిపెట్టాడు. "ఈ మాత్ర పడనివాళ్ళలో ఎక్కడో ఒకరికి గుండె కండరం కూడా వాచిపోతుంది. మాత్ర ఆపేయండి. గుండెకి వెంటనే వైద్యం జరగకపోతే ప్రాణం మీదికొస్తుంది," అని చెప్పి, దద్దుర్లకు పూత రాసిచ్చాడు (గుండె ఆయన అంతస్తు కాదు).

గుండె వైద్యుడు మర్యాదస్తుడు. "గుండె మాదేనమ్మా. దాని మీది దద్దుర్లే మావి కావు. ఉత్త గుండెతో రండి. పైగా ఇది అరుదైన జబ్బు. అరుదుల విభాగం ఒప్పుకోవాలి."

డ్రైవరు ఇక నడవలేక మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది. అరుదుల పర్యవేక్షణాధికారి తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఏడాదికి ఒక్క అరుదే తల్లీ. ఈ ఏటిది మొన్ననే ఒకావిడ పట్టుకుపోయింది. రెండోది ఒప్పుకుంటే, దాన్ని అరుదని ఏ మొహం పెట్టుకుని అంటాం? జనవరిలో రండి, మొదటి పేరు మీదే."

"అప్పటిదాకా ఆయన ఉండొద్దూ?"

"అది గుండె విభాగం చూసుకోవాలి."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "మీ అరుదు తగలెయ్య! నాకున్నది ఈ ఒక్క మొగుడేనయ్యా! ఇంతకంటే అరుదేముంటుంది?" అని బల్ల గుద్ది భోరుమంది. అధికారి చలించాడు. మాట బాగుందని రాసుకున్నాడు.

అంతలో బయట డ్రైవరు స్పృహ తప్పి మెట్ల మీంచి దొర్లాడు. దాంతో చిక్కు విడిపోయింది. దొర్లినవాళ్ళు ఏ అంతస్తుకూ చెందరు. అత్యవసర విభాగం వాళ్ళు పరుగున వచ్చి ఎత్తుకెళ్ళి, 'మెట్ల మీంచి పడ్డాడు' అని నమోదు చేసి, విరిగిన ఎముకల కోసం శ్రద్ధగా వెతికారు. "గుండె బాబూ, గుండె!" అని ఆవిడ వెంటపడి మొత్తుకుంటూనే ఉంది.

సాయంత్రం ఆసుపత్రి ప్రకటన వెలువడింది. డ్రైవరు ఎముకలన్నీ క్షేమం. గుండె పరిస్థితి విషమం. అరుదు పరిస్థితి నిలకడగా ఉంది.