ఆరో బిల్డింగ్‌కి తోడు కావాలి

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఆ జనవరి పొద్దున కృష్ణమోహన్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి తానుండే కాంప్లెక్సులోనే మేనేజరుకి డెమో, పదకొండుకి కాంట్రాక్టు పొడిగింపు. అది కాకపోతే వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో పెట్టె సర్దుకుని దేశం వదలాలి. ఆ కంగారులో ఊరినుంచి వచ్చిన అత్తగారు వడ్డిస్తున్న కంచంలో మూడు రోజులుగా పెరుగు లేదన్న సంగతి కూడా గమనించలేదు.

వాళ్ళ కాంప్లెక్సులో పన్నెండు బిల్డింగులకీ ఒకటే బాయిలర్. వేడి నీళ్ళు నేల కిందుగా వచ్చి, ప్రతి బేస్‌మెంట్‌లోనూ ఉన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే ఉక్కు రేకుల దొంతరకి తమ వేడిని అప్పగించి వెళ్తాయి. ఆ రేకులు పూడుకుపోతే ఇళ్ళు గడ్డకడతాయి. ఆ జబ్బును ముందే పట్టే ప్రోగ్రాం కృష్ణమోహన్ రాశాడు.

చిక్కల్లా అతను కాపురముంటున్న ఆరో బిల్డింగ్‌తోనే. మూడు రోజులుగా పొద్దున ఏడింటికి అక్కడి సెన్సర్‌లో వేడి ఒక్కసారిగా లేస్తోంది. తర్వాత పోయిన మనిషి ఒళ్ళు చల్లారినట్టు మెల్లమెల్లగా దిగుతోంది. ప్రోగ్రాం మాత్రం అంతా క్షేమమంటోంది. డిసెంబర్‌లో ఆ బిల్డింగ్‌లోనే ఒక ఒంటరి ముసలాయన పోయాడు. కృష్ణమోహన్ దెయ్యాలను నమ్మడు, కానీ ఒంటరిగా దిగడానికి కాళ్ళు రాలేదు. స్నేహితుడి కూతురు, అమెరికాలోనే పుట్టిపెరిగిన టెక్నీషియన్ అనుష్కని వెంటబెట్టుకున్నాడు.

మెట్లు దిగేసరికి దీపం దానంతటదే ఆరిపోయింది. గొట్టాల్లో ఏదో గొణుగుడు. ఓరగా ఉన్న మిషన్ గది తలుపు వెనకనుంచి బొంగురు గొంతు వినిపించింది.

"పాతది చచ్చింది. కొత్త తోడు కావాలి."

అనుష్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అంకుల్, తోడు అంటే కంపెనీ కదా? ఎవరు చచ్చారు?"

కృష్ణమోహన్ ఆంజనేయుణ్ణి తలచుకుని తలుపు లాగి గడియ వేసేశాడు. లోపలనుంచి దబదబా బాదుడు మొదలైంది. అనుష్క ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, లోపల ఒకరు చచ్చారనీ, ఇంకొకరు తోడు అడుగుతున్నారనీ చెప్పింది. పది నిమిషాల్లో ఫైరింజను వచ్చింది, దాని వెనకే ఇరుగుపొరుగూ దిగారు. డెమోకి ముందుగానే వచ్చిన మేనేజరు ఆ గుంపును తోసుకుంటూ కిందికొచ్చింది. కృష్ణమోహన్‌కి అరవై రోజులు అప్పుడే లెక్కలో పడ్డట్టు అనిపించింది.

గడియ తీశారు. చీకట్లో రేకుల దొంతర మీద తెల్లటి శాలువా కప్పుకుని గూనిగా ఏదో కూర్చుని ఉంది. దాని పక్కనే అత్తగారు ఛాయాదేవి చలికి గొంతు బొంగురుపోయి, వణుకుతూ నిలబడి ఉంది. శాలువా తీస్తే పాలగిన్నె.

"నెల్లాళ్ళుగా ఇక్కడే తోడు పెడుతున్నాను బాబూ. నాలుగ్గంటల్లో గట్టిగా తోడుకునేది. మూడ్రోజులనుంచి పాలు పాలలాగే ఉంటున్నాయి, తోడు కూడా చచ్చింది. మీ మిషన్‌లో వేడి లేదు."

కృష్ణమోహన్ రేకుల మీద చెయ్యి పెట్టాడు. జిల్లుమన్నాయి. సెన్సర్ శాలువా కింద ఉంది. మూడు రోజులుగా అతని ప్రోగ్రాం కాపలా కాసింది అత్తగారు ఏడింటికి కాచి తెచ్చిన పాలకి. ఇళ్ళల్లో చలి ఎక్కువైతే జనం జనవరిని తిట్టుకుని ఊరుకున్నారు.

ఆ రాత్రికి మైనస్ ఇరవై అని అప్పటికే హెచ్చరిక ఉంది. రేకులు పూడుకున్న సంగతి అప్పుడైనా బయటపడకపోతే నలభై కాపురాల గొట్టాలు పగిలేవి. లోపాన్ని ఎవరు కనిపెట్టారని మేనేజరు అడిగింది. ప్రోగ్రాం అని చెప్పేందుకు నోరు తెరిచాడు కానీ, గడియ వెనక వణికిన పెద్దావిడ ముఖం చూసి సిగ్గుపడ్డాడు.

"మా అత్తగారు," అన్నాడు.

మేనేజరు ఆ శాలువాను ఛాయాదేవి భుజాల మీద కప్పింది. అబద్ధమాడని ఇంజనీరు దొరకడం కష్టమంటూ ఆరు నెలలు పొడిగించింది, సెన్సర్ మీద ఏమీ కప్పకూడదన్న షరతుతో.

ఆ సాయంత్రం చేతిలో చిన్న గిన్నెతో అనుష్కా వాళ్ళింటి తలుపు తట్టి, బొంగురు గొంతుతో "కొంచెం తోడు కావాలి" అన్నది కృష్ణమోహనే.