ఎల్లేశం నిద్రపై సమగ్ర సమీక్ష

ఇంగ్లీషు భాష మానవజాతికి ప్రసాదించిన క్రియలన్నిటిలోకీ మహత్తరమైనది 'చెక్ చేయడం'. తినడానికి తిండి కావాలి, తవ్వడానికి పార కావాలి, బాగుచేయడానికి కనీసం ఒక స్క్రూడ్రైవరైనా కావాలి. చెక్ చేయడానికి రెండు కళ్లుంటే చాలు (కళ్లజోడుకు అభ్యంతరం లేదని నిబంధనల్లో ఉంది). గోదావరిఖని మూడో లైను కాలనీలో గని కార్మికుల క్వార్టర్ల బాగోగులు చూసే కాంట్రాక్టు సంస్థ 'గృహమిత్ర' ఈ ఒక్క క్రియ మీదే దినదినాభివృద్ధి చెందుతోంది. ఆ సంగతి కాలనీలో తెలియనివాడు ఎల్లేశం ఒక్కడే.

ఎల్లేశం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ బండి నడుపుతాడు. నైట్ షిఫ్టు నడుస్తోంది కాబట్టి, ఊరంతా లేచి పళ్లు తోముకునే వేళకు అతను పడుకోవాలి. పడుకునే వెనక గదిలో ఫ్యాను ఆగిపోయింది. గోడ లోపలెక్కడో వైరు కాలిపోయింది. పోనీ ముందు గదిలో పడుకుందామా అంటే అది రేకుల గది. రామగుండం వైపు మే నెలలో రేకుల కింద వడియాలు ఎండబెట్టుకోవచ్చుగానీ మనిషిని పడుకోబెట్టలేం. తనే గోడ పగలగొట్టి వైరు మార్చుకుందామంటే, క్వార్టరు వైరింగును నివాసి ముట్టుకుంటే క్వార్టరే రద్దు.

మొన్నటికి మొన్న తెల్లవారుజామున స్టీరింగు మీద అతని రెప్ప వాలింది. తెరిచేసరికి డంపర్ రోడ్డు పక్క మట్టికట్టను రాసుకుంటూ పోతోంది. కట్టకు అవతల లోయ. ఈ సంగతి అతను భార్య అనసూర్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, గృహమిత్ర యాప్‌లో ఫిర్యాదు పెట్టింది.

గృహమిత్ర మెరుపువేగంతో స్పందించింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, అనసూర్య విసనకర్రతో విసరగా విసరగా ఎల్లేశానికి అప్పుడే కన్నంటుకున్న శుభ ఘడియలో, ఎలక్ట్రీషియన్ హెల్పర్ తౌఫీఖ్ తలుపు తట్టాడు.

"అన్నా, జర లెవ్వాలె. చెక్ చెయ్యనీకి వచ్చిన."

"ఆయన పన్నడు. నువ్వు చూసుకొని పో తమ్మీ," అంది అనసూర్య గొంతు తగ్గించి.

"నేనొక్కన్నే చూస్తె కాదక్కా. అన్న ఫోనుకు ఓటీపీ వస్తది. అన్ననే చెప్పాలె, నిద్రల చెప్తె నడ్వది."

ఎల్లేశం లేచాడు. తౌఫీఖ్ స్విచ్చి వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. ఫ్యాను వైపు తలెత్తి, దవాఖానలో రోగిని చూసినట్టు జాలిగా చూశాడు.

"తిరుగుతలేదన్నా."

"గది నాకు ఎర్కనే గదరా! బాగు చెయ్యి మరి."

"నాది చెక్ చేసుడు వరకేనన్నా. బాగుచేస్తె నా నౌకరి పోతది."

అతను గడప దాటకముందే ఫోను మోగింది: 'మీ ఫిర్యాదు విజయవంతంగా చెక్ చేయబడింది.' ఎల్లేశం మళ్లీ పడుకున్నాడు. నిద్ర మాత్రం మళ్లీ రాలేదు.

చెక్ చేసినదాన్ని వెరిఫై చేయాలి కదా! మరుసటి మధ్యాహ్నం సూపర్‌వైజర్ రఘుపతి వచ్చి ఎల్లేశాన్ని లేపాడు. తౌఫీఖ్ చూసింది నిజంగానే చూశాడా అన్నది చూడటం అతని పని. తీరా చూస్తే, అనసూర్య ముందు గదిలోంచి పొడుగు వైరు లాగి, మంచం పక్కన చిన్న టేబుల్ ఫ్యాను పెట్టింది. రఘుపతి దిగ్భ్రాంతి చెందాడు.

"ఏందమ్మా గీ వైరు? పర్మిషన్ ఉన్నదా?"

"ఆయనకు నిద్ర పట్టుతలేదని పెట్టిన సారు."

"నిద్ర పర్మిషన్ కాదమ్మా," అన్నాడు రఘుపతి సౌమ్యంగా. వైరును చుట్టచుట్టి, భద్రత దృష్ట్యా తనతోపాటు తీసుకెళ్లాడు. ఫోను మళ్లీ మోగింది: 'వెరిఫై చేయబడింది.'

ఇక్కడ పాఠకుల సౌకర్యార్థం ఒక చిన్న భాషాశాస్త్ర వివరణ. చెక్, వెరిఫై, ఇన్‌స్పెక్ట్, రివ్యూ అనేవి వేర్వేరు మాటలని బడిలో పొరపాటుగా బోధిస్తారు. నాలుగింటి అర్థమూ చూడటమే. తేడా అల్లా చూసేవారి జీతంలో ఉంది. హెల్పర్ చూస్తే చెక్, సూపర్‌వైజర్ చూస్తే వెరిఫై, ఇంజనీరు చూస్తే ఇన్‌స్పెక్ట్, అందరూ కలిసి చూస్తే రివ్యూ. (నివాసి చూస్తే దానికి మాట లేదు. అది లెక్కలోకి రాదు.)

కనుక మూడోసారి ఇంజనీరు దీప మేడం వచ్చారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్న ఎల్లేశం గోడకు ఆనుకుని ఊగుతూ నిలబడ్డాడు. మేడం ఫ్యానును నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీసి, ఫ్యాను తిరగడం లేదన్న విషయంలో సంస్థలోని అన్ని స్థాయుల మధ్యా ఏకాభిప్రాయం కుదిరిందని ప్రకటించారు.

అనసూర్య ఓపిక అక్కడితో తెగింది. "ఇంతమంది చూసిపోయిండ్రు మేడం. బాగుచేసేటోల్లు ఎవ్వరు? ఆయన నిద్రల బండి లోయల పడగొడ్తె అది గూడ చూసిపోతరా?"

మేడం నొచ్చుకోలేదు. "రిపేర్ మా కాంట్రాక్టుల లేదమ్మా. మా సంస్థ పేరే గృహమిత్ర. మిత్రులు ఇంటికొచ్చి చూసిపోతరు గానీ, గోడలు పలగ్గొడ్తరా చెప్పు?"

అయితే లోయ అన్న మాట మేడం మనసుకు తగిలింది. విషయ తీవ్రత దృష్ట్యా రివ్యూకు సిఫారసు చేశారు.

రివ్యూ నాడు ముగ్గురూ కలిసి వచ్చారు. వెనక గదిలో అడుగుపెట్టీ పెట్టకముందే ముగ్గురికీ చెమటలు కారాయి. ఈ ఉక్కలో మనిషన్నవాడు కూర్చోగలడా అని రఘుపతి ఆశ్చర్యపోయాడు. దాంతో తౌఫీఖ్ ఒక్క ఉరుకున పోయి, ఆఫీసు నుంచి పెద్ద స్టాండు ఫ్యాను తెచ్చి, ముందు గదిలోంచి పొడుగు వైరు లాగాడు. (వైరు అనసూర్యదే. కానీ ఇప్పుడది అధికారిక వైరు.) ఫ్యాను హోరుమని తిరిగింది.

అధికారులు అడిగినవాటికి జవాబులు చెప్పడానికి మంచం అంచున కూర్చున్న ఎల్లేశం మొహానికి ఆ గాలి తగిలింది. "ఫ్యాను ఎప్పటి సంది..." అని మేడం మొదలుపెట్టేసరికే అతను పక్కకు ఒరిగాడు. తర్వాతి ప్రశ్నకు గురక వినిపించింది. అనసూర్య మూతి మీద వేలు పెట్టి ముగ్గురినీ బతిమాలింది. ఎన్నాళ్లకో మొగుడి మొహం అంత నిమ్మళంగా కనబడితే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. తౌఫీఖ్ చప్పుడు కాకుండా అతని కాళ్లెత్తి మంచం మీద పెట్టాడు. మీటింగు గుసగుసలతోనే జరిగింది. చివర్లో మేడం ఒక ఫోటో తీశారు.

ఫోను మోతకు ఎల్లేశం ఉలిక్కిపడి లేచాడు. ఒళ్లంతా చెమట. 'మీ ఫిర్యాదు రివ్యూ చేసి ముగించబడింది. ఆధారం: నివాసి నడుస్తున్న ఫ్యాను కింద గాఢనిద్రలో ఉన్న ఫోటో.'

"పంకా ఏది?" అన్నాడు.

"తీస్కపోయిండ్రు. పొద్దూకేదాక ఉంచుండ్రి అని కాళ్లు మొక్కినంత పని చేసిన. అవుతలి లైన్ల ఆగయ్యకు గూడ నిద్ర పట్టుతలేదట, ఆయనకు గూడ రివ్యూ ఉందట," అంది అనసూర్య విసనకర్ర అందుకుంటూ.

మళ్లీ కన్నంటుకోలేదు. డ్యూటీకి బయల్దేరుతుంటే అనసూర్య చెయ్యి పట్టుకుంది. "ఇయ్యాల బండెక్కకు. నిద్ర లేదని చెప్పు. ఇజ్జత్ పోతె పోయింది." ఎల్లేశానికి ఆ మాట నచ్చింది. గని దగ్గర నేరుగా ఫోర్‌మన్ కొమురెల్లి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అన్నా, నిద్ర లేదే. ఇయ్యాల స్టీరింగు పట్టుడు నాతోని కాదు. వేరే పనియ్యి."

కొమురెల్లి మంచివాడు. కార్మికుడి మాట నమ్మేవాడే. కానీ గృహమిత్ర తన విజయాలను ఎప్పటికప్పుడు గనిలోని అన్ని విభాగాలకూ పంపుతుంది. అతను తన ఫోను తీసి, వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, ఎల్లేశం తెరిచిన నోటిని, వాలిన రెప్పలను శ్రద్ధగా పరిశీలించాడు.

"చెక్ చేసిన తమ్మీ, మంచిగనే పన్నవు," అని డంపర్ తాళంచెవి చేతిలో పెట్టాడు.