పైపుగారి గట్టు

మనిషి అశాశ్వతం, సర్కారు పైపు శాశ్వతం. ఈ సత్యం ఋషులకు ఎందుకు తట్టలేదో గానీ, లింగంపల్లి స్టేషనుకు అవతల సర్కారు కార్ఖానా క్వార్టర్లలో కాపురముంటున్న పద్మావతికి మాత్రం పందొమ్మిది వందల డెబ్భైల నడుమ ఒక దసరా ముందు బాగా తెలిసివచ్చింది.

ఆమె వంటింట్లో ఒక ఇనుప పైపు ఉండేది. తూర్పు గోడలోంచి నడుమెత్తున బయటికి వచ్చి, కిటికీ కింద గోడకు జానెడు ఎడంగా సాగి, రెండు వంపులు తిరిగి పడమటి గోడలోకి వెళ్లిపోయేది. ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. అందులో చుక్క నీరు చూసినవారు లేరు. ముందు పైపు వేసి, గోడలు తర్వాత కట్టారని ఒక వాదం. (వంటిల్లు వంట కోసమే కట్టారని మరో వాదం ఉంది గానీ, దానికి ఆధారాలు దొరకలేదు.) తెనాలి నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ పద్మావతి దాని మీద మసిగుడ్డలు ఆరేసుకుంటూ, దాని కిందే పీట వేసుకుని కిరసనాయిలు స్టవ్ మీద వండుతూ వచ్చింది.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. ఇంకా నేల మీద కూచుని వండితే లేచి నడవడం కూడా కష్టమవుతుందని కార్ఖానా దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. అదృష్టం కొద్దీ, ఏళ్ల తరబడి ఎదురుచూసిన గ్యాసు అప్పుడే మంజూరైంది. స్టవ్ అట్టపెట్టెలో ఇంటికొచ్చింది. గ్యాసువారిది ఒకటే షరతు: దసరాలోపు వంటింట్లో గట్టు ఉండాలి, లేకపోతే సిలిండరు వరసలో తర్వాతి ఇంటికి పోతుంది. గట్టు కట్టడానికి ఆ వంటింట్లో ఉన్నది కిటికీ కింద చోటొక్కటే. అక్కడ పైపుగారు ఉన్నారు.

"ఏమండీ, ఆ పైపు తీయించండి," అంది భర్తతో.

"అది మనింట్లో ఉంది గానీ మనది కాదే," అన్నాడు పార్థసారథి. ఆయన అదే కార్ఖానాలో గుమాస్తా కాబట్టి, ఆశ పెట్టుకోవడం ఎప్పుడో మానేశాడు.

పద్మావతి తనే మెయింటెనెన్స్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ సీతారామయ్యగారు గృహాంతర్గత నాళికా పర్యవేక్షకులుగా ఉండేవారు. (పైపులాయన అంటే పలికేవారు కారు.)

"బతికున్న పైపును కోయడం నేరమండీ. చచ్చిన పైపును కోయవచ్చు. మీది ఏది?"

"చచ్చిందేనండీ. ఇన్నేళ్లలో చుక్క రాలేదు."

"మీరంటే సరిపోదు. మేం నమ్మాలి."

నమ్మడానికి ముగ్గురు వచ్చారు. ఒకాయన పైపుకు చెవి ఆనించి విన్నాడు. ఒకాయన పానాతో తట్టాడు. మూడో ఆయన కాఫీ తాగాడు. పైపు చనిపోయిందని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చి, కోతకు శుక్రవారం నిర్ణయించి వెళ్లారు. ఆ రాత్రి పద్మావతికి సంతోషంతో నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఆమె తలంటుకుని, కుంకుమ భరిణె పట్టుకుని సిద్ధంగా ఉంది. కొత్త వస్తువు కదా అని స్టవ్‌కు బొట్టు పెట్టింది. పని మొదలుపెట్టబోతున్నారు కదా అని ప్లంబరు సాయిలు తెచ్చిన రంపానికీ పెట్టింది. వేలికి ఇంకా కాస్త కుంకుమ మిగిలింది. ఎదురుగా పైపు. ఎన్నాళ్లో కలిసి కాపురం చేసింది, వెళ్లిపోయేటప్పుడు చిన్నబుచ్చడం ఎందుకని దానికీ ఒక బొట్టు పెట్టింది.

సాయిలు రంపం కింద పెట్టేశాడు.

"ఏందమ్మా, గిట్ల జేసినవ్? బొట్టు వెట్టినంక ఎట్ల కొయ్యాలె? నాకు పిల్లలున్నరు."

"తుడిచేస్తాను సాయిలూ."

"శుక్రారం పూట బొట్టు తుడుస్తవా?"

పద్మావతి చాచిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. సాయిలు పోయి సీతారామయ్యగారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చెప్పులు బయట విడిచి, పైపును చూసి, గంభీరంగా తలాడించారు.

"చచ్చిన సామానుకు ఎవరైనా బొట్టు పెడతారాండీ?"

"పోతోంది కదా అని..."

"మీ మనసులో ఏముందో మాకు అక్కర్లేదు. పైపు బతికే ఉందని ఇంటి ఇల్లాలే ఒప్పుకున్నారు. మావాళ్లే పొరపడ్డారు."

బతికున్న పైపుకు ఇన్నేళ్లు నీళ్లివ్వకపోవడం ఆఫీసుకు తలవంపులు గదా. మర్నాడే గుట్ట మీది ట్యాంకు దగ్గర వాల్వు తిప్పారు. పైపు ఖళ్లున దగ్గింది, వణికింది, వంపు దగ్గర తుప్పునీళ్లు కార్చింది. "చూశారా, ప్రాణముంది!" అన్నారు సీతారామయ్యగారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. వయసు మళ్లిన పైపు, ఆధారం లేకుండా గాలిలో వేలాడుతోంది. వంపుల మీద అంత భారం పడితే ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

మేస్త్రీలు వచ్చారు. కిటికీ కింద, సరిగ్గా పద్మావతి కోరుకున్న చోట, కోరుకున్న ఎత్తున, నున్నటి షాబాదు బండ వేసి చక్కటి గట్టు కట్టారు. దాని నడుమ పైపును పడుకోబెట్టి, అటూ ఇటూ సిమెంటు దిండ్లు పెట్టారు. గట్టు మీద మరే వస్తువూ పెట్టరాదని చెప్పి వెళ్లారు.

దసరా ముందురోజు గ్యాసువాళ్ల మనిషి వచ్చి చూశాడు. గట్టు ఉంది. సిలిండరు దించేసి వెళ్లాడు. (స్టవ్ ఎక్కడ పెడతారన్నది ఆయన పరిధిలోకి రాదు.)

పద్మావతి స్టవ్‌ను మళ్లీ అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించి, గోడ పట్టుకుని పీట మీద కూలబడి ఏడ్చింది. పక్కింటి రుక్కమ్మ వచ్చి వీపు నిమిరింది.

"ఊకో అక్కా. గా పైపుకున్న నసీబు మనకేడికెల్లి వస్తది?"

ఏడుస్తూనే పద్మావతికి నవ్వొచ్చింది.

పండగనాడు సీతారామయ్యగారు పైపును చూసిపోదామని వచ్చారు. పద్మావతి నేల మీద కిరసనాయిలు స్టవ్ ముందు నుంచి, రెండు చేతులూ ఆనించుకుని మెల్లగా లేచి, ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసును గట్టు మీద పెట్టబోయి, పైపుకు వేడి తగులుతుందని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.