నక్క గోవర్ధనం గారి రంగుల ప్లాను

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పు కొసన ఎవరైనా తుమ్మితే పడమటి కొసన వాళ్ళు "చిరంజీవ" అనేసరికి తుమ్మినవాళ్ళకి మనవలు పుట్టేసేంత పెద్ద అడవిలో, జరిగిందిది. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమని రుజువు చేసినవాళ్ళకి ఈ నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఊడబెరికి బహుమానంగా ఇవ్వబడును.

ఆ అడవిలో వాగు గట్టున తాయారమ్మ అనే కుందేలు ఉండేది. నిండు చూలాలు. కడుపు ఎంతుండేదంటే, ముందు కడుపు గుమ్మం దాటి బయటికొచ్చి ఎండ చూసుకునేది, ఆ తరవాత తీరిగ్గా తాయారమ్మ వచ్చేది. గట్టు మట్టి మెత్తన, వాగు గాలి చల్లన. వాళ్ళమ్మమ్మ తవ్విన బొరియ. పుట్టబోయే పిల్లల కోసం తన బొచ్చు తానే పీకి పరుపు కూడా వేసి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కౌన్సిల్ చైర్మన్ భద్రయ్యకి పట్నం గాలి సోకింది. భద్రయ్య ఏనుగు. ఏదో ఉత్సవానికి వెళ్ళి, ఊరేగింపులో నాలుగు వీధులు తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే సభ పెట్టాడు.

"పట్నంలో ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఇల్లు కట్టుకోకూడదు. మాస్టర్ ప్లాన్ అని ఒకటుంటుంది. అందులో పసుపు రంగు వేసిన చోట ఇళ్ళు. ఎరుపు వేసిన చోట అంగళ్ళు. ఆకుపచ్చ వేసిన చోట ఏమీ కట్టకూడదు, ఊరికే గాలి పీల్చుకోవాలి."

"మరి అక్కడ అలాగే కడతారా?" అంది వెనకనుంచి ఎలుగుబంటి.

"కట్టరు. కానీ రంగులు మాత్రం చూడ్డానికి చాలా బాగుంటాయి."

సభకి ఆ మాట తెగ నచ్చింది. అయితే అడవిలో రంగులెక్కడివి? అప్పుడు లేచాడు నక్క గోవర్ధనం. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు అతనే. ఆ పదవి ఎవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు, అడిగే ధైర్యమూ లేదు.

"రంగులు కొనడం ఎందుకండీ? నేలతల్లే వేసి పెట్టింది కదా! నేల పసుపుగా ఉన్నచోట ఇళ్ళు. ఎర్రమట్టి ఉన్నచోట అంగళ్ళు. ఆకుపచ్చగా కనబడితే మాత్రం అక్కడ కాపురం కుదరదు."

చప్పట్లు ఎలా మోగాయంటే ఆ అదురుకి చెట్లమీద మిగిలిన నాలుగు ఎండుటాకులూ రాలిపోయాయి. అది రోహిణి కార్తె మరి. అడవి అంతా ఎండి పసుపు ముద్దలా ఉంది. అందరి కొంపలూ పసుపులోనే ఉన్నాయి. అందుకే అందరూ చప్పట్లు కొట్టారు. ఆకుపచ్చగా మిగిలిన చోటు అడవి మొత్తానికి ఒక్కటే, వాగు గట్టు. ఆ సంగతి గోవర్ధనానికి తెలుసు. అతని కళ్ళు ఆ చల్లటి గట్టుమీద ఎన్నాళ్ళనుంచో ఉన్నాయి.

తెల్లారేసరికి తాయారమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. వెంట చిలక. చిలక కౌన్సిల్ గుమస్తా. పెద్దవాళ్ళు ఏమన్నా దాన్నే మళ్ళీ అనడం దాని ఉద్యోగం.

"తాయారమ్మగారూ, మీ ఇంటి కప్పు ఆకుపచ్చగా ఉందండీ."

"ఆకుపచ్చ, ఆకుపచ్చ," అంది చిలక.

"గడ్డి ఆకుపచ్చగా కాక జరీ అంచుతో ఉంటుందా నాయనా?"

"ఇది గ్రీన్ జోన్. ఖాళీ చెయ్యాలి."

"నెలలు నిండినదాన్ని. కనేదాకా ఆగకూడదూ?"

"అయ్యో, నాకు మనసు లేదా అమ్మా? రూలుకే లేదు."

తాయారమ్మ కడుపు ముందేసుకుని భద్రయ్య దగ్గరికి దొర్లుకుంటూ వెళ్ళింది. పురుడయ్యేదాకా మినహాయింపు ఇమ్మంది. భద్రయ్య మెత్తబడ్డాడు కూడా. కానీ గోవర్ధనం చెవి దగ్గర చేరి, "సార్, ఈవిడకిస్తే రేపు అడవిలో ప్రతివాడూ కడుపుతో ఉన్నానంటాడు," అన్నాడు. భద్రయ్యకి పౌరుషం వచ్చేసింది. తొండం ఆకాశానికెత్తాడు.

"మినహాయింపు లేదు! సవరణ లేదు! చైర్మన్‌కైనా ఇదే రూలు! దీన్ని మారిస్తే నాది తొండమే కాదు, తోకే అనుకోండి!"

పాపం తాయారమ్మ పరుపు నెత్తిన పెట్టుకుని వాగు అవతల నల్లబండ ఎక్కింది. బండకి ఏ రంగు జోనూ లేదు. తవ్వుదామంటే గోరు దిగదు. ఒక నెర్రె దొరికితే అందులో సర్దుకుంది. బండ ఎంత కాలిపోతోందంటే దానిమీద వాలిన కాకులు లేచేలోపే వేపుడైపోయేవి. ఇక్కడ పుడితే పిల్లలు బతుకుతారా అని దానికి ఒకటే దిగులు.

ఆ బండమీదనుంచే తన గట్టుమీద జరిగేదంతా చూసింది. గోవర్ధనం అడవిదున్నల మందని పిలిచాడు.

"బాబాయిలూ, ఎండకి మాడిపోతున్నారు. ఆ గట్టుమీద కాస్త నడుం వాల్చండి."

దున్నలు వాల్చాయి. దొర్లాయి, డెక్కలతో గీరాయి, కుస్తీ పట్టాయి. గడ్డి వేళ్ళతో సహా చచ్చి, ఎండి, పసుపు చాపలా అయిపోయింది. అప్పుడు గోవర్ధనం చైర్మన్ని తీసుకొచ్చి చూపించాడు.

"చూడండి సార్, శుద్ధ పసుపు! ఇళ్ళ స్థలం."

"మొన్నటిదాకా గ్రీన్ జోన్ కదయ్యా?"

"భూ వినియోగ మార్పిడి సార్. భూమే స్వయంగా దరఖాస్తు పెట్టుకుంది."

వారం తిరక్కుండా అక్కడ గోవర్ధనం గుహ లేచింది. రెండు గుమ్మాలు, నిద్రపోవడానికి ఒక గది, నిద్రపోతున్నట్టు నటించడానికి ఇంకో గది. తాయారమ్మ బండమీదనుంచి అరిచింది.

"అది మా అమ్మమ్మ ఇల్లురా!"

"అప్పుడు ఆకుపచ్చ అత్తయ్యా! ఇప్పుడు పసుపు! నేనేం చెయ్యను?"

ఆ తరవాత వాన వచ్చింది. వానంటే మామూలు వానా? చేపలు చెట్లెక్కి గూళ్ళు పెట్టుకునేంత వాన. తెరిపివ్వగానే అడవంతా ఒక్కసారిగా ఆకుపచ్చబడింది. ఎలుగుబంటి గుహ మీద గడ్డి. జింకల చావిడి చుట్టూ గడ్డి. భద్రయ్య పడుకునే మైదానంలో అతను లేచి నిలబడేలోపు మోకాలెత్తు గడ్డి. ఒక్క గోవర్ధనం ఇంటిమీద మాత్రం పోచ లేదు. వేళ్ళే చచ్చాక ఏం మొలుస్తుంది?

గోవర్ధనం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అడవి మొత్తానికి రూలు ప్రకారం ఉన్న ఇల్లు తనదొక్కటే! చిలకని వెంటేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు. తాబేలు కూర్మయ్యనీ వదల్లేదు.

"నీ డిప్పమీద పాచి పట్టింది. గ్రీన్ జోన్. ఖాళీ చెయ్యి."

"ఇది ఖాళీ చేస్తే నేను చస్తానయ్యా!"

"అది ఆరోగ్య శాఖ చూసుకుంటుంది."

చివరికి భద్రయ్య దగ్గరికే వచ్చాడు. "తమరే సెలవిచ్చారు కదా సార్, చైర్మన్‌కైనా ఇదే రూలని." భద్రయ్య తోక ముడిచి మైదానం ఖాళీ చేశాడు.

పోవడానికి మిగిలింది నల్లబండ ఒక్కటే. అడవి అడవంతా వెళ్ళి దానిమీద ఎక్కింది. జింకలమీద కోతులు, కోతులమీద కొంగలు, కొంగలమీద గుమస్తా చిలక. సరిగ్గా ఆ తొక్కిసలాటలో తాయారమ్మకి పురుడొచ్చింది. బొటనవేలంతేసి పిల్లలు, కళ్ళు కూడా తెరవలేదు, నెర్రెలోంచి జారి బండంతా పాకుతున్నారు. భద్రయ్య సర్దుకుని నిలబడబోయాడు.

"అన్నయ్యా, ఆ కాలు దించకు!" కేక పెట్టింది తాయారమ్మ. "దాని కింద నా చిన్నమ్మాయి!"

భద్రయ్య కాలు గాల్లోనే ఆగిపోయింది. కిందికి చూద్దామంటే ఎలుగుబంటి అడ్డం. అంత ఏనుగూ మూడు కాళ్ళమీద వణికిపోతున్నాడు. ఆ వణుకుకి బండ కూడా వణుకుతోంది.

"ఎంతసేపమ్మా ఇలా?"

"మా ఇళ్ళకి మమ్మల్ని పోనిచ్చేదాకా."

"రూలు మార్చనని ఒట్టేశానే! అందరూ విన్నారు!"

తాయారమ్మ ఒక చెవితో పిల్లల్ని కప్పుకుంటూ రెండో చెవి ఊపింది. ఎదురుగా ఏనుగు పాదం కొబ్బరిచెట్టు మొదలంత ఉంది. అంత పాదం కింద ఉంటే ఎవరి బుర్రైనా పాదరసంలా పనిచేస్తుంది.

"మార్చమని ఎవరన్నారన్నయ్యా? రూలు బంగారంలాంటిది. ఇది చాటేటప్పుడు చిలక రెండు రంగులూ తారుమారు చేసింది. అంతే."

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"చిలకా, తారుమారు చేశావా?"

"తారుమారు, తారుమారు," అంది చిలక.

"నేరం ఒప్పుకుంది!" అని అందరూ ఒక్క అరుపు అరిచారు. సవరణ లేకుండా, మినహాయింపు లేకుండా, ఒట్టు చెడకుండా, ఇకనుంచి ఆకుపచ్చ ఉన్నచోట ఇళ్ళు, పసుపు ఉన్నచోట ఏమీ కట్టరాదు అని స్థిరపడింది. నిజాయితీగా ఒప్పుకున్నందుకు చిలకకి అక్కడికక్కడే ప్రమోషన్ కూడా ఇచ్చారు. చిన్నమ్మాయిని ఎత్తుకున్నాక భద్రయ్య కాలు దించి, అడవి కొమ్మలన్నీ ఊగేంతగా నిట్టూర్చాడు.

గోవర్ధనం ఇంట్లో కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. తన ఇల్లు రూలు ప్రకారమే ఉంది కదా అని బండమీదికే వెళ్ళలేదు. తలుపు తీస్తే ఎదురుగా చిలక, పక్కన పిల్లలతో తాయారమ్మ.

"గోవర్ధనం బాబూ, మీ ఇంటి కప్పు పసుపుగా ఉందటయ్యా."

"పసుపు, పసుపు!" అంది చిలక, కొత్త హోదాతో ఇంకాస్త గట్టిగా.

సంగతి తెలిశాక గోవర్ధనం గోల గోల చేశాడు. "రెండ్రోజులు టైమివ్వండి, గడ్డి మొలిపిస్తాను!"

"ఎలా మొలుస్తుంది నాయనా? మీ బాబాయిలు వేళ్ళతో సహా తొక్కేశారుగా. బండ ఖాళీగా ఉంది. నా పరుపు అక్కడే వదిలేశాను, వాడుకో. దులిపి పడుకో, బొచ్చు ముక్కులో దూరుతుంది."

ఆ పసుపు చాప పక్కనే, లేత గడ్డి కింద, తాయారమ్మ సాయంత్రానికల్లా కొత్త బొరియ తవ్వేసింది. పిల్లలు కడుపునిండా తాగి వాగు గాలికి నిద్రపోయారు.

"మరి మళ్ళీ ఎండాకాలం వచ్చి అంతా పసుపైతేనో?" అంది ఎలుగుబంటి.

"అప్పటికి వేరే కౌన్సిల్ వస్తుంది," అన్నాడు భద్రయ్య.

నీతి ఏమిటంటే, ఇల్లు కట్టుకునేవాళ్ళు పునాది లోతు చూసుకోనక్కర్లేదు, నింద మొయ్యడానికి ఒక గుమస్తా ఉన్నాడో లేదో చూసుకుంటే చాలు.

సరే, ఇక లేమ్మా, మబ్బు కమ్ముకొస్తోంది. మేడమీద వడియాలు ఆరేసి ఉన్నాయి, తడిసేలోగా దింపుకురా. ఎక్కడికెళ్తున్నావని పక్కింటివాళ్ళు అడిగితే మేడమీదకని మాత్రం అనకు. ప్లానులో మనకి మేడ లేదు.