పందొమ్మిది సార్లు సంతోషపడ్డ రైతు

"రైతు కష్టానికి, ప్రభుత్వ దయకు మధ్య ఇక రెండు మీటల దూరమే!" అని మంత్రి హేమాద్రిరావు గారు కరీంనగర్ సభలో ప్రకటించినప్పుడు చప్పట్లు ఎంతకూ ఆగలేదు. ఆయన సాంకేతిక శాఖతో పాటు కొత్తగా పుట్టిన రైతు సంతోష శాఖను కూడా చూస్తున్నారు. ‘పత్తిసిరి’ అనే వెబ్‌సైటును ఆయన ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. నీళ్లు కీబోర్డు మీద చిందాయి. శుభసూచకం అన్నారు ఐటీ సలహాదారు శరత్‌చంద్ర గారు. ల్యాప్‌టాప్ ఆ తర్వాత ఏమీ అనలేదు.

రోజారాణి ఆ సభలో మూడో వరుసలో కూర్చుంది. ఆదిలాబాద్ జిల్లాలో, రాష్ట్రం సరిహద్దులో పారే పెన్‌గంగకు ఇవతల ఒక మార్కెట్ యార్డులో ఆమె పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్. ఇకమీదట పత్తి అమ్మాలంటే రైతుకు ఈ వెబ్‌సైటులో స్లాట్, అంటే తూకానికి వంతు, దొరకాలి. దాన్ని ఇప్పించాల్సింది రోజారాణే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పనిచేసిన మనిషి గనుక, ఒక పేరు కొట్టిందో లేదో ఆమె ఎడమ చెయ్యి దానంతటదే కంట్రోల్, ఎస్ నొక్కుతుంది. సేవ్ అన్నమాట. అన్నం తినేటప్పుడు కూడా ఆ వేళ్లు కంచం అంచును నొక్కుతుంటాయని ఇంట్లో నవ్వుతారు.

భోజనాలయ్యాక శరత్‌చంద్ర గారు ఆపరేటర్లకు ట్రైనింగ్ ఇచ్చారు.

"మేం సర్వే చేసినం. మీరు దినాం నాలుగు వందల సార్లు కంట్రోల్ ఎస్ కొడ్తున్నరు. అంత విలువైన మీటలను ఉత్త సేవ్ కోసం ఖరాబు చేసుకుంటమా?"

అందుకని మంత్రిగారు ఆ మీటలకు పదోన్నతి ఇచ్చారు. వాటిని నొక్కితే, ఫారంలో ఎవరి పేరుంటే ఆ రైతు తరఫున, ‘నేను సంతోషంగా ఉన్నాను, ధన్యవాదాలు’ అని మంత్రిగారి ఆఫీసుకు మెసేజ్ పోతుంది.

"మరి సేవ్ ఎట్ల సార్?" అని రోజారాణి లేచి అడిగింది.

"పేజీ అడుగున బటన్ ఉంటదమ్మా. ముందుగాల సంతోషం, తర్వాతనే సేవ్."

బటన్ నిజంగానే ఉంది. దాన్ని పూర్తిగా కప్పేస్తూ మంత్రిగారి ఫొటో ఉంది. పేజీని ఎటు జరిపితే ఫొటో కూడా అటే వస్తుంది. ప్రజల్ని వదిలిపెట్టని నాయకుడంటే అట్లా ఉండాలి. మౌస్‌కు బటన్ అందదు గనుక ట్యాబ్ మీటను నలభై మూడు సార్లు నొక్కి అక్కడికి చేరాలి. నలభయ్యోసారికి ‘సమయం ముగిసింది’ అని చెప్పి వెబ్‌సైటు మర్యాదగా మొదటికి పంపిస్తుంది.

నవంబరులో హనుమండ్లు అనే రైతు బొలెరో ట్రాలీ నిండా పత్తితో వచ్చాడు. రెండెకరాల పంట, ఏడాది కష్టం మొత్తం ఆ బండిలోనే ఉంది. పత్తిలో తేమ ఎక్కువైతే మద్దతు ధరకు కొనరు.

"బిడ్డా, మొగులైతుంది. జర జల్ది స్లాట్ ఇప్పియ్యి. పత్తి నానిందంటే నేను మునిగినట్టే."

"ఫికర్ చెయ్యకు కాకా. ఒక్క నిమిషం."

పేరు కొట్టింది. ఎడమ చెయ్యి తన ధర్మం తాను నెరవేర్చింది. తెర మీద పూలు రాలాయి: ‘హనుమండ్లు గారి సంతోషం మంత్రిగారికి చేరింది.’ ఫారం ఖాళీ అయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ పూలు. కంట్రోల్ నొక్కే చిటికెన వేలిని రబ్బరు బ్యాండుతో కట్టేస్తే, ఉంగరపు వేలు ఆ డ్యూటీ అందుకుంది.

కిటికీలోంచి పూలు చూసి హనుమండ్లు మొహం వెలిగింది. "స్లాట్ వచ్చిందా?"

"రాలే కాకా. నువ్వు సంతోషపడ్డవట."

"నేనా? ఎప్పుడు?"

రెండు రోజులు ఇదే వరస. రెండో సాయంత్రం చినుకులు పడ్డాయి, హనుమండ్లు బండి మీద పరదా కప్పి, దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు రోజారాణి ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో ట్యాబ్ కొట్టి, సమయం ముగిసేలోపు బటన్ చేరుకుంది. వెబ్‌సైటు జవాబిచ్చింది: ‘మీరు ఇప్పటికే పందొమ్మిది సార్లు సంతృప్తి చెందారు. సంతృప్తి చెందిన రైతుకు స్లాట్ అవసరం లేదు.’

ఆమెకు ఏడుపొచ్చింది. శరత్‌చంద్ర గారికి ఫోన్ చేసింది.

"సార్, ఆయన సంతోషపడలే. నా చేతి ఏళ్లు నొక్కినయి."

"అమ్మా, మనిషి మనసుల ఏమున్నదో ఏళ్లకే ముందు తెలుస్తది. దీన్నే యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అంటరు."

ఆమె బయటికొచ్చి చూస్తే బొలెరో లేదు.

వారానికి మంత్రిగారే స్వయంగా యార్డుకు విచ్చేశారు. సంతోషంలో ఆ యార్డు రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది మరి. "చూడుండ్రి, ఒక్క బండి లేదు! రద్దీ అన్నదే లేకుండ చేసినం" అని ఖాళీ యార్డును విలేకరులకు చూపించారు. రోజారాణికి శాలువా కప్పారు.

"పందొమ్మిది సార్లు సంతోషపడ్డ ఆ మహానుభావుడు ఏడమ్మా? ఫోన్ కలుపు. మైకు దగ్గర వెట్టు, నలుగురు వింటరు."

కలపక తప్పలేదు.

"కాకా, ఏడున్నవ్? మంత్రిగారు నీ సంతోషం వింటరట."

"పెన్‌గంగ అవతల ఉన్న బిడ్డా. సగం పత్తి నానింది. అడ్డికి పావుశేరు సేటుకు ఇచ్చేసిన. నా పేరు మీద అన్నిసార్లు సంతోషం పంపిన్రు. ఒక్కసారన్న నన్ను అడగాలె గద బిడ్డా."

రోజారాణి తల వంచుకుంది. విలేకరులు రాయడం ఆపారు.

మంత్రిగారు మాత్రం మైకు అందుకున్నారు. "విన్నరా! రైతంటే గిట్ల ఉండాలె! ఎంత మంచి సలహా ఇచ్చిండు! శరత్‌చంద్రా, రాసుకో. రేపటి సంది రైతును అడగకుండ ఒక్క సంతోషం గూడ పోవద్దు!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున రోజారాణి కంప్యూటర్ తెరిచి, ఓ రైతు పేరు కొట్టి, అలవాటు కొద్దీ కంట్రోల్, ఎస్ నొక్కగానే తెర మధ్యలో ఒక పెట్టె తెరుచుకుంది. ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఎంతో గౌరవంగా అడిగింది. జవాబు చెప్పుకోవడానికి కింద బటన్ కూడా పెట్టారు: ‘అవును’.

రెండో బటన్ కోసం రోజారాణి తెరంతా వెతికింది.